తవుడిచ్చి కొనుక్కున్న కూతురు

"అమ్మమ్మా, మా అమ్మ నిన్నూ 'అమ్మా' అంటుంది, రాజ్యం అమ్మమ్మనీ 'అమ్మా' అంటుంది. ఇంతకీ ఎవరి కూతురు?"

అదేం ప్రశ్నే! నా కూతురే. నేను కన్నాను. ఆ రికార్డు చేసే ఫోను నా నోటి దగ్గర పెట్టు, నేను గట్టిగా చెప్పను. గోడ అవతలి వాటాలోనే ఉంది మీ రాజ్యం అమ్మమ్మ. కళ్ళు సరిగ్గా కనపడవు గానీ చెవులు మాత్రం పిల్లి చెవులు. నాకు చూడు, మోకాళ్ళూ పోయాయి, పళ్ళూ పోయాయి. దానికి ఈ వయసులో కూడా పళ్ళన్నీ ఉన్నాయి. మొన్న నా ఎదురుగా కూర్చుని జంతిక కొరికింది. కరకరా. కావాలనే.

ఏం అడిగావ్? ఆఁ, మీ అమ్మ సంగతి.

నేను ఈ ఇంటికి పెద్ద కోడల్ని, రాజ్యం చిన్న కోడలు. అది తెలుసుగా. మీ అమ్మ పద్మ కంటే ముందు నాకు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ నిలవలేదు. ఒకడు పురిట్లోనే, ఇంకొకడు... వద్దులే, అది ఇప్పుడెందుకు. మూడోసారి మీ అమ్మ పుట్టింది. మా అత్తగారు ఈసారి పిల్లని తవుడికి అమ్మేద్దాం అంది.

అదిగో, మొహం అలా పెడితే నేను చెప్పను. నాకు తెలుసు నువ్వేమంటావో. ఆడపిల్ల సరుకా అంటావ్, మూఢనమ్మకం అంటావ్, ఇంకేదో వాదం అంటావ్. మొన్న కాలేజీ ముందు జెండా పట్టుకుని గొంతు పోయేలా అరిచొచ్చావటగా, మీ అమ్మ చెప్పింది. ఇంకా బొంగురుగానే ఉంది. మిరియాలపాలు తాగమంటే తాగవు. సరే, ముందు వినవే, తర్వాత తిట్టు.

తవుడికి అమ్మడం అంటే నిజంగా అమ్మేయడం కాదు. పిల్లలు నిలవని ఇంట్లో, ఈ బిడ్డ మాది కాదు అని చావుకి చెప్పడం అన్నమాట. పురిటిస్నానం రోజున ఇంకో ఆవిడ దోసెడు తవుడు తెచ్చి చేటలో పోసి, ఈ పిల్లని నేను కొనుక్కున్నాను అంటుంది. అంతే. పిల్ల మళ్ళీ కన్నతల్లి పక్కలోనే పడుకుంటుంది. ఒక్కో ఊళ్ళో ఒక్కోలా చేస్తారనుకో. మా అత్తగారి పుట్టింటి వైపు పద్ధతి ఏంటంటే, ఏడాది నిండాక తల్లి మళ్ళీ తవుడిచ్చి పిల్లని తిరిగి కొనుక్కోవాలి. అప్పటిదాకా కొన్నావిడే అమ్మ.

మా పిల్లని ఎవరు కొన్నారు? రాజ్యం. అప్పటికి కాపరానికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. దానికి పిల్లలు పుట్టలేదు, తర్వాత కూడా పుట్టలేదు, పాపం. పాపం అన్నానని నాకు కుళ్ళు లేదనుకోకు. అదీ ఉంది, ఇదీ ఉంది.

ఇక ఏడాది నిండేసరికి ఏమైందంటే, కోతలు. ఇంటినిండా కూలీలు. అదే సమయానికి మా అత్తగారు నూతి గట్టు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఆవిడ మంచంలో, మేం పనుల్లో. పిల్లని తిరిగి కొనాలన్న సంగతే ఎవరికీ గుర్తురాలేదు. మరిచిపోయాం. ఏళ్ళకేళ్ళు మరిచిపోయాం.

ఈలోగా మాటలు నేర్చే పిల్లకి మా అత్తగారు ఏం నేర్పిందీ? రాజ్యాన్ని చూపించి "అదిగో అమ్మ" అంది. నన్ను చూపించి కూడా "అమ్మే" అంది అనుకో. కానీ పిల్ల రాజ్యాన్ని అమ్మా అన్నప్పుడు గొంతు వేరేగా ఉండేది. నన్ను పిలిస్తే పని ఉన్నట్టుండేది. నాకు తెలియదా? తల దువ్వాలంటే అది, కథ చెప్పాలంటే అది, అన్నం ముద్దలు దాని చేత్తోనే. నా చేతి ముద్ద పెద్దగా ఉంటుందట. నేను పాలు ఇచ్చాను, జ్వరానికి రాత్రిళ్ళు కూర్చున్నాను, బట్టలు ఉతికాను. అది కూర్చుని చిన్న చిన్న ముద్దలు చేసేది. ముద్దలు చెయ్యడం ఎవరికి రాదే!

సరే. మీ అమ్మకి ఎనిమిదేళ్ళప్పుడు, అంటే తొంభైల్లో, మా మరిది, రాజ్యం మొగుడు, కాలవల ఆఫీసులో గుమాస్తా, ఆయన్ని తుని వేశారు. ఓ ఏడాది గదిలో ఒక్కడే ఉన్నాడు. తర్వాత రెండు గదుల ఇల్లు దొరికింది, వేసవి వెళ్ళాక రాజ్యాన్ని తీసుకెళ్తానన్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో! నీకు చెప్పడానికేం? ఆ రోజు పాయసం చేశాను. అందరూ ఎందుకు చేశానా అనుకున్నారు.

పాయసం తాగుతూ రాజ్యం అందీ, "అక్కయ్యా, తునిలో మా ఇంటి వెనకే ఇంగ్లీషు బడి ఉందటండీ. పద్మని కూడా తీసుకెళ్తాను" అని. నన్ను అడగడం కాదు. చెప్పడం. మీ తాతయ్య పేపర్లోంచి తల ఎత్తలేదు. మా అత్తగారేమో, "కొనుక్కుంది కదే, తీసుకెళ్తే తప్పేముంది, చదువొస్తుంది" అంది. కొనుక్కుందట! నేను పాయసం గిన్నె అక్కడే పెట్టేసి లేచాను.

ర్యాలి వెళ్దామని అన్నది కూడా రాజ్యమే. ర్యాలిలో స్వామి తెలుసుగా నీకు? ఒకటే రాయి. ముందు నుంచి చూస్తే కేశవస్వామి, వెనక్కి వెళ్ళి చూస్తే మోహిని. ఆ స్వామిని ట్రాన్స్‌ఫర్ల దేవుడంటారు. ఉద్యోగస్తులు వచ్చి కావాల్సిన ఊరికి వేయించమని మొక్కుకుంటారు. వెళ్తే పిల్లతోనే వెళ్తుంది గానీ, అసలు తుని అవసరమే లేకుండా మొగుణ్ణే ఇటు కోనసీమకి తెప్పించుకుందామని దాని ఆలోచన. అత్తగారు నన్ను కూడా తోడు వెళ్ళమంది. వెళ్ళనంటే బాగుండదు. పైగా పిల్లని దానితో ఒక్కదాన్నే పంపుతానా?

తెల్లారకుండా లేచి పులిహోర చేశాను. మామూలు పులిహోర కాదు, ఇంగువ కాచి, జీడిపప్పు వేసి, కరివేపాకు చిటపటలాడేలా. స్టీలు కేరేజీ నిండా. రాజ్యం నా వంట చూస్తూ, "ఇంత ఎందుకక్కయ్యా" అని, మిగిలిన అన్నంలో పెరుగు కలిపి, ఓ ఆవకాయ ముక్క పెట్టుకుని చిన్న గిన్నెలో తెచ్చింది. చూస్తావుగా తర్వాత.

రావులపాలెం దాకా ఒక బస్సు. అక్కడ దిగితే ఎటు చూసినా అరటి గెలలే. అప్పట్లో మా మేనమామ కొడుకు అక్కడే గెలలు లారీకెక్కించేవాడు, చాలా మంచివాడు, చనిపోయాడులే. అక్కణ్ణించి ఆటో. రాజ్యం మధ్యలో కూర్చుంది, పిల్ల దాని ఒళ్ళో. నేను చివర, సగం బయటికి.

గుళ్ళో పూజారి గారు దీపం పట్టుకుని చూపించారు. ముందు స్వామి, పాదాల దగ్గర ఎప్పుడూ తడి. రాజ్యం చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. "మా వారిని ఇటు తెప్పించు స్వామీ" అని నాకు వినపడుతూనే ఉంది. నేను ముందు ఏమీ అడగలేదు. వెనక్కి వెళ్ళాను. వెనక మోహిని. ఎంత బాగుంటుందనుకున్నావ్, ఆ కొప్పు, కొప్పులో పూలు, రాయి అంటే నమ్మలేం. ఆవిడ ఆడది కదా, ఆవిడతో చెప్పుకున్నాను. "తల్లీ, ముందు నిలబడి అది అడిగింది నువ్వు కూడా విన్నావు. ఇవ్వకు. అది తుని వెళ్ళాలి, పిల్ల నా దగ్గరుండాలి. ఆ ట్రాన్స్‌ఫరేదో నా పిల్లకి చెయ్యి, నా వైపుకి."

నవ్వకు. అందరూ అలాగే అడుగుతారు. మీ మీటింగుల్లో మీరు మాత్రం అడగరా?

తర్వాత మంటపంలో కూర్చుని తిన్నాం. కేరేజీ మూత తీశాను. పక్కన కూర్చున్న వాళ్ళు కూడా తలలు తిప్పారు, అంత ఘుమఘుమ. ఆకులో పెట్టి పిల్ల ముందుకి తోశాను. జీడిపప్పులు ఏరుకుని తినేసి, జరుక్కుంటూ జరుక్కుంటూ వెళ్ళి రాజ్యం ముందు నోరు తెరిచింది. ఆ పెరుగన్నానికి! దానికి! "అమ్మా, ఆవకాయ నంజి పెట్టు" అంటోంది. పక్కన ఎవరో ఆవిడ నా పులిహోర తిని, "ఎంత బాగుందండీ, చేయి తిరిగిన వంట" అంది. ఏం లాభం?

బయటికి వచ్చేసరికి గుడి గోడ పక్కన సోది చెప్పే ఆవిడ కూర్చుని ఉంది. నుదుటి మీద ఇంత బొట్టు, చేతిలో నున్నటి కర్ర. "మనసులో మాట చెబుతా, రండమ్మా" అంది. రాజ్యం వెంటనే చతికిలబడింది. దాని అరచేతి మీద కర్ర ఆనించి ఆవిడ రాగం తీసింది. "తల్లీ, నీకు దూర ప్రయాణం ఉంది. వెళ్ళడం నీకు ఇష్టం లేదు. నీకు ఒక్కతే కూతురు. నీ కొంగు వదలని కూతురు." నిజమే కదా, పిల్ల దాని కొంగు నోట్లో పెట్టుకుని నిలబడి ఉంది. ఎవరైనా అదే అనుకుంటారు. కానీ రాజ్యం కాదు అనలేదు. చూశావా? నా పిల్ల కాదు, మా అక్కయ్య పిల్ల అని ఒక్క మాట అనొచ్చుగా? మొహం చేటంత చేసుకుని, "అవునమ్మా" అంది!

నేను కూడా చెయ్యి చాపాను. ఆవిడ నా చేతిని చూసి, నన్ను చూసి, మెల్లిగా అంది. "నీ ఒడి ఖాళీగా కనపడుతోంది తల్లీ."

"ఏంటి ఖాళీ? కళ్ళు పోయాయా? ఆ పిల్ల నాది!"

"మరి ఆవిడ నాదంది కదమ్మా."

"ఏదో తవుడికి అమ్మాం, పుట్టినప్పుడు. మా అత్తగారు అమ్మించింది."

"తిరిగి కొన్నావా?"

నేను పిల్ల వైపు చూశాను.

"కొనలేదా? అయితే నేను చెప్పిందాంట్లో తప్పేముంది తల్లీ" అని, ముందున్న బియ్యం మూటలో పోసుకుని ఇంకొకళ్ళ వైపు తిరిగింది. రాజ్యం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అది నవ్వినందుకు కాదే నాకు మండింది. నాకే ఆ సంగతి గుర్తులేకపోయినందుకు. ఇన్నేళ్ళు. అది నా కూతుర్ని ఉత్తినే తీసుకోలేదు, పద్ధతి ప్రకారం తీసుకుంది. దాని పక్షాన న్యాయం ఉంది. అది తట్టుకోవడం ఎంత కష్టమో తెలుసా?

ఇక నాకు ఒకటే ధ్యాస. తవుడు కావాలి. ఇంటికెళ్ళేదాకా ఆగొచ్చు, ఇంట్లో గేదెకి బస్తాడు ఉంది. కానీ ఇంట్లో అత్తగారు ఉంటుంది, మంచి రోజు చూద్దాం అంటుంది, మరిది వచ్చాక అంటుంది. అవన్నీ అయ్యేలోగా పిల్ల తునిలో ఉంటుంది.

అక్కణ్ణించి ఆత్రేయపురం వెళ్ళాం, పూతరేకులకి. అత్తగారు తెమ్మంది. ఇప్పుడు అట్టపెట్టెల్లో ఎక్కడ పడితే అక్కడ అమ్ముతున్నారు గానీ, అప్పుడు ఇళ్ళల్లోకే వెళ్ళేవాళ్ళం. ఒకావిడ వసారాలో కూర్చుని చేస్తోంది. కుండ బోర్లించి, కింద కొబ్బరాకు మంట. పల్చటి గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి, వేడి కుండ మీద ఒక్క లాగు లాగేది. అంతే, పొర లేచి వచ్చేది. అవతలివైపు మనిషి కనపడేటంత పల్చన. రాజ్యం, పిల్ల నోరు తెరుచుకుని చూస్తున్నారు. రేకులో నెయ్యి రాసి, బెల్లం చల్లి, మడిచి పిల్ల చేతికి ఇచ్చింది ఆవిడ. పిల్ల సగం తుంపి ఎవరి నోట్లో పెట్టిందో చెప్పాలా?

నేను లేచాను. పెరట్లో గేదె ఉంది. దాని కుడితి గోలెం పక్కన గంపలో, ఉందే! తవుడు.

"ఏవండీ, ఓ దోసెడు తవుడు ఇస్తారా?" అన్నాను.

"తవుడాండీ? గేదెకండీ అది. మీకెందుకండీ?"

"మా అమ్మాయిని కొనుక్కోవాలి."

ఆవిడ చేతిలో గుడ్డ ఆగింది. నా వైపు చూసింది, రాజ్యం ఒళ్ళో పిల్లని చూసింది. ఆవిడకి పద్ధతి తెలుసు కాబోలు, తల ఊపింది. "తీసుకోండి. ఊరికే కాదండీ, మీ చేత్తో మా గేదెకి కాస్త కుడితి పొయ్యండి" అంది. పోశాను.

దోసెడు తవుడు పట్టుకుని వచ్చి రాజ్యం ముందు నిలబడ్డాను. "చెయ్యి పట్టు" అన్నాను.

"ఏంటక్కయ్యా అది?"

"తవుడు. నా పిల్లని నాకు ఇచ్చెయ్."

అది నవ్వబోయింది, నా మొహం చూసి మానేసింది. "ఇక్కడా అక్కయ్యా? పీట లేదు, పసుపు లేదు..." అంది. పిల్లని ఒళ్ళోంచి దింపి, చేతులు కడుక్కుని వచ్చి కొంగు పట్టింది. నేను పోశాను. పోస్తుంటే అంటుందీ, "ఎక్కువ పోశారక్కయ్యా, నేనిచ్చింది ఇంత లేదు" అని. అప్పుడు కూడా దానిదే పైచెయ్యి! తర్వాత ఆ తవుడంతా తీసుకెళ్ళి గేదె గోలెంలో వేసి, కొంగు దులుపుకుని వచ్చి పిల్లతో, "ఇక నుంచి నన్ను పిన్నీ అని పిలవాలి. అమ్మ దగ్గరికి వెళ్ళు" అంది. మామూలుగానే అంది.

పిల్ల నా పక్కకి వచ్చింది. "మరి రాత్రి అన్నం ఎవరు పెడతారు?" అని అడిగింది.

"నేను" అన్నాను.

"చిన్న ముద్దలు పెడతావా?"

వచ్చేటప్పుడు బస్సులో పిల్ల మా ఇద్దరి మధ్యా కూర్చుని నిద్రపోయింది. బస్సు ఎక్కడో గోతిలో పడితే నిద్రలోనే "అమ్మా" అంది. ఇద్దరం ఒకేసారి "ఊఁ" అన్నాం. తర్వాత రాజ్యం కిటికీలోంచి చూసింది, నేను కండక్టర్ని చూశాను.

రాజ్యం తుని వెళ్ళిపోయింది. ఒక్కతే. మోహిని నా మాటే విందనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, గోడ వైపు చూడకు. పిల్ల ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడిస్తే ఎత్తుకోవచ్చు. పేచీ పెడితే ఓ దెబ్బ వేసి తర్వాత బెల్లం ముక్క పెట్టొచ్చు. ఏమీ చెయ్యలేదు. పెట్టింది తినేది, బడికి వెళ్ళేది. నేను చిన్న ముద్దలు చెయ్యడం నేర్చుకున్నాను తెలుసా? గోళీల్లా చేసేదాన్ని. తినేది. కానీ నన్ను పిలవడం మానేసింది. అమ్మా అనడం లేదు. "ఇదిగో, జడ వెయ్యి." "ఇదిగో, నీళ్ళు." పక్కింటివాళ్ళని పిలిచినట్టు. పిన్నీ అనమన్నావిడ తునిలో ఉంది, అమ్మా అనాల్సిన దాన్ని ఎదురుగా ఉన్నాను, ఆ మాటే దాని నోట్లో లేకుండా పోయింది. దోసెడు తవుడుతో నేను కొనుక్కున్నది ఇదా?

వానలన్నీ అలా చూశాను. చలి వచ్చింది. ఒకరోజు మీ తాతయ్యతో రావులపాలెంలో మా మేనమామ కొడుకుని చూసొస్తానని చెప్పి బస్సెక్కాను. ఒక్కదాన్నే ర్యాలి వెళ్ళాను. ఈసారి వెనక్కి వెళ్ళలేదు. కాదు, ముందు వెనక్కే వెళ్ళాను, "తల్లీ, అప్పుడు నేను చెప్పింది కొట్టెయ్" అని చెప్పి ముందుకి వచ్చాను. వచ్చి స్వామిని అడిగాను. "దాని మొగుడికి ఇటు ట్రాన్స్‌ఫర్ చేయించు. దాని మీద ప్రేమతో కాదు, అది నువ్వు గుర్తుపెట్టుకో."

మళ్ళీ వేసవికి మా మరిదిని అమలాపురం వేశారు. సామాన్లు లారీలో వచ్చాయి, రాజ్యం బస్సులో వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. వీధిలో పరుగు వినపడింది, పిల్ల అరుపు వినపడింది. నేను గుమ్మంలోకి వెళ్ళలేదు. ఎందుకెళ్తాను, చూసి కడుపు మంట పెంచుకోవడానికా? పొయ్యి మీద పప్పు కలుపుతూ నిలబడ్డాను. అప్పుడు మీ అమ్మ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. రొప్పుతోంది. నా చీర పట్టుకుని గుంజింది.

"అమ్మా! అమ్మ వచ్చింది!"

అలాగే అంది. ఏడాది తర్వాత నన్ను పిలిచిన మొదటి పిలుపు అది. అందులో కూడా వాటా పెట్టింది చూడు. అదీ నీ ప్రశ్నకి జవాబు. ఆ రోజు నుంచీ ఇద్దరం అమ్మలమే, ఎవరూ మళ్ళీ తవుడు మాట ఎత్తలేదు.

కానీ ఇన్నేళ్ళుగా నేను పడుతున్నది నీకు తెలియదే. పండక్కీ పబ్బానికీ, ఎవరొచ్చినా సరే, రాజ్యం మొదలుపెడుతుంది. "ఆ రోజు ర్యాలిలో అడిగానండీ స్వామిని, నా మాట విన్నాడండీ" అని. నా మాట విన్నాడట! నేను పక్కనే కూర్చుని తమలపాకులకి సున్నం రాస్తూ ఉంటాను. చెప్పలేను కదా. చెబితే, అక్కయ్యే నా కోసం వెళ్ళి మొక్కుకుందని ఊరంతా చాటుతుంది. అది ఇంకా ఘోరం.

ఏంటి, నవ్వుతున్నావా, కళ్ళు తుడుచుకుంటున్నావా? కళ్ళజోడు తెచ్చిపెట్టు, కనపడట్లేదు. ఆ ఫోనులో ఇదంతా పడిందా? దానికి మాత్రం వినిపించకు. నేను పోయాక కావాలంటే... వద్దు, అప్పుడు కూడా వద్దు.

ఇవాళ బస్సు దిగి ముందు ఎవరి గుమ్మం ఎక్కావే? అబద్ధం చెప్పకు, నాకు కాఫీ గిన్నె చప్పుడు వినపడింది. మీ అమ్మా అంతే, నువ్వూ అంతే. సరే వెళ్ళు, అదిగో పిలుస్తోంది, జంతికలు పెడుతుంది కాబోలు, పళ్ళున్నాయిగా దానికి. తిను. రాత్రి పెరుగన్నం మాత్రం ఇక్కడ. చిన్న ముద్దలే పెడతాలే. ఇటు రా, తల వంచు. నీ కోసం ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కొట్టుకుంటూ ఉండాలి తల్లీ, నువ్వు ముందు ఎవరి గుమ్మం ఎక్కుతావా అని కుళ్ళుకుంటూ ఉండాలి. అలా బతుకు. వెళ్ళు మరి, పిలుస్తోంది... ఇదిగో రాజ్యం, వస్తోంది వస్తోంది, అంత తొందరేంటి...